కరకరలాడే సీమపనస చిప్స్: ఉడిపి వంటింట్లో నేర్చుకున్నది

2016 జూన్‌లో ప్రమోషన్‌తో పాటు ఉడిపికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. మా అబ్బాయి పదో తరగతి, అమ్మాయి ఆరు. తర్వాత ఏం జరిగి ఉంటుందో మన బ్యాంకు కుటుంబాలకు విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ళు రాజమండ్రిలో ఉండిపోయారు, నేను రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కరుతో ఉడిపి చేరాను.

అంతవరకు నాకు వంట రాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. రోజూ రాత్రి ఫోనులో మా అమ్మాయి అడిగే మొదటి ప్రశ్న, "ఇవాళ ఏం వండుకున్నావు నాన్నా?" నేను సాంబారనీ, బీన్స్ కూర అనీ చెప్పేవాణ్ణి. సగం రోజులు అబద్ధమే. దగ్గరలో మంచి హోటళ్ళుండగా కుక్కరు జోలికెవరు పోతారు? ఒకరోజు అది పట్టేసుకుంది. "ఈసారి వచ్చేటప్పుడు బేకరీ స్వీట్లు వద్దు. నువ్వు చేసింది ఏదైనా పట్టుకురా. అప్పుడు నమ్ముతాను" అంది. పక్కనుంచి మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె అనుమానం కూడా అదేనని అర్థమైంది.

ఒక రోజుకు పైబడిన ప్రయాణం. మంగళూరులో ఎక్కి మద్రాసులో రైలు మారాలి. అంతసేపు పాడవకుండా ఉండేది ఏం చెయ్యగలను? జవాబు మా ఓనరమ్మగారి పెరట్లోనే వేలాడుతోంది.

ఆ చెట్టును నేను మొదట పనస అనుకున్నాను. ఆకులు చూస్తే కాదని తెలిసింది. పనసాకు నున్నగా, చిన్నగా ఉంటుంది. ఇవి మూరెడు పొడుగున, బొప్పాయి ఆకుల్లా లోతుగా చీలి ఉన్నాయి. కాయలు పనసలా మానుకు కాకుండా కొమ్మల చివర, చిన్న కొబ్బరి బొండాలంత ఉన్నాయి. కన్నడంలో దీవి హలసు అంటారు, తుళులో జీగుజ్జె, కొంకణి మాట్లాడే మా ఓనరమ్మగారి ఇంట్లో జీవ్ కడ్గి. మలయాళీలు కడచక్క, శీమచక్క అంటారు. మన తెలుగు పేరు సీమపనస. సీమచింత, సీమవంకాయలలాగే, సముద్రం దాటి వచ్చిందని పేరులోనే చెబుతోంది. నిజంగానే దీని పుట్టిల్లు పసిఫిక్ దీవుల వైపు. పనసకు దగ్గరి చుట్టమే అయినా లోపల తొనలుండవు, మనం తినే రకంలో గింజలూ ఉండవు. అంతా ఒకటే గుజ్జు, మధ్యలో మెత్తటి బెండు.

గింజ లేదు కాబట్టి వేళ్ళ నుంచి వచ్చే పిలకలతోనే మొక్కను పెంచాలి. ఈ చిన్న సంగతి వల్ల ఒక ఓడ మీద తిరుగుబాటుకు దారి పడింది. కరీబియన్ దీవుల చెరకు తోటల్లో బానిసలకు చౌకగా తిండి పెట్టడానికి ఈ చెట్టు పనికొస్తుందని ఇంగ్లండులో అనుకున్నారు. 1787 చివర్లో కెప్టెన్ విలియం బ్లై బౌంటీ అనే ఓడలో తహితీ దీవికి బయలుదేరాడు. వెయ్యికి పైగా మొక్కలు కుండీల్లో పెట్టి తిరుగు ప్రయాణం కట్టాడు. 1789 ఏప్రిల్‌లో నావికులు తిరగబడి కెప్టెన్‌ను చిన్న పడవలోకి దించేశారు, మొక్కల్ని సముద్రంలో పారేశారు. ఆయన పట్టు వదలక ఇంకో ఓడలో మళ్ళీ వెళ్ళి 1793లో మొక్కల్ని కరీబియన్ దీవులకు చేర్చాడు. ఇంతా చేస్తే అక్కడివాళ్ళకు మొదట్లో ఆ రుచి నచ్చలేదట. వాళ్ళకు ఎవరూ చిప్స్ వేయించి పెట్టి ఉండరు.

ఇక నా సంగతి. జూలైలో ఓనరమ్మగారిని ఒక కాయ అడిగి తెచ్చుకున్నాను. చేసే పద్ధతి అడగలేదు, పరువు తక్కువనిపించింది. బంగాళాదుంప చిప్స్ లాంటిదేగా అనుకుని చాకుతో ముక్కలు కోసి, ఉప్పు, కారం కలిపి, నూనె బాగా కాచి వేయించాను. రెండు నిమిషాల్లో ఎర్రగా అయ్యాయి. దించేసి, వేడి మీదే స్టీలు డబ్బాలో పోసి, గాలి తగలకూడదని గట్టిగా మూత పెట్టి, ఆ రాత్రే రైలెక్కాను.

రాజమండ్రిలో డబ్బా తెరిచాం. మా అమ్మాయి ఒకటి తీసుకుని వంచింది. చిప్ విరగలేదు, వంగింది. "నాన్నా, ఇది తడిసిన అప్పడంలా ఉంది" అని, నా మొహం చూసి, "కానీ రుచి బాగుంది" అంది. మా అబ్బాయి రెండోది తీసుకోలేదు. మా అమ్మ, "తలకు రాసుకునే కొబ్బరినూనెతో వంటేమిట్రా" అంది. మా ఆవిడ మాత్రం నాలుగు తిని, డబ్బా పక్కన పెట్టి, తీరిగ్గా ప్రశ్నలు వేసింది. ఉప్పు ఎప్పుడు కలిపారు? నూనె ఎంత కాగింది? చల్లారాక మూత పెట్టారా? మన ఇన్‌స్పెక్షన్‌లో కూడా అన్ని ప్రశ్నలుండవు. అన్నిటికీ నా జవాబు తప్పే.

ఉడిపి తిరిగి వెళ్ళాక పరువు పక్కన పెట్టి ఓనరమ్మగారిని అడిగాను. ఆమెకు అప్పటికి డెబ్భై దాటాయి. నవ్వి, ఆదివారం పొద్దున్నే రమ్మన్నారు. ఆ ఆదివారం, ఆపైన రెండు ఆదివారాలు ఆమె వంటింట్లో నేర్చుకున్నదే ఇది.

మొదటిది కాయ ఎంపిక. సగం పని ఇక్కడే అయిపోతుంది. లేత కాయ తొక్క మీద బుడిపెలు మొనలు తేలి గరుకుగా, మంచి ఆకుపచ్చగా ఉంటాయి. అది కూరకు పనికొస్తుంది కానీ చిప్స్‌కు గుజ్జు చాలదు. ముదిరే కొద్దీ ఆ బుడిపెలు చదునై, తొక్క కాస్త పసుపు తిరిగి, అక్కడక్కడా పాలు కారి ఎండిన మచ్చలు కనిపిస్తాయి. ఆ కాయ కావాలి. నొక్కితే రాయిలా ఉండాలి. ఏ మాత్రం మెత్తబడినా పండుతోందని అర్థం. పండే కొద్దీ పిండి చక్కెరగా మారుతుంది. చక్కెర ఉన్న ముక్క నూనెలో లోపలి తడి ఆరకముందే పైన మాడిపోతుంది. కోసిన కాయ రెండు మూడు రోజుల్లోనే పండుతుంది. నా రెండో ప్రయత్నం అలాగే పోయింది. శుక్రవారం కోసిన కాయను నెలాఖరు పని వల్ల సోమవారం దాకా ఉంచాను. చిప్స్ బెల్లం రంగులో, చేదుగా వచ్చాయి. వెంటనే చేసే వీల్లేకపోతే కాయను నిండా నీళ్ళల్లో ముంచి ఉంచండి, ఇంకో రెండు రోజులు ఆగుతుంది.

కొయ్యడానికి ముందు చేతులకూ కత్తికీ నూనె రాసుకోవాలి. పనస కోసినవాళ్ళకు ఇది తెలిసిందే. ఈ పాలు అంటుకుంటే నీళ్ళకు వదలదు, నూనె రాసి రుద్దాకే సబ్బు. కింద పాత పేపరు పరిచి, తొక్క కాస్త మందంగానే చెక్కేసి, నాలుగు చెక్కలు చేసి, మధ్య బెండు తీసెయ్యాలి. కొందరు బెండును ఉంచేస్తారు. అది స్పంజిలా నూనె పీల్చి మెత్తగానే ఉండిపోతుంది కాబట్టి నేను ఉంచను. తర్వాత చెక్కల్ని చిప్స్ కోసే పీట మీద సమానంగా కోసుకోవాలి. మందం మిల్లీమీటరున్నర నుంచి రెండు. ఐదు రూపాయల బిళ్ళ మందం దాటకూడదని గుర్తు పెట్టుకోండి. చాకుతో కోస్తే ఒక్కో ముక్కా ఒకవైపు పల్చగా, ఒకవైపు మందంగా వస్తుంది. పల్చటి వైపు మాడుతుంది, మందం వైపు పచ్చిగా ఉంటుంది.

కోసిన ముక్కలు గాలికి నల్లబడతాయి. అందుకని కోసినవి కోసినట్టే కొద్దిగా ఉప్పు వేసిన నీళ్ళలో వెయ్యాలి. పది నిమిషాలు చాలు. పైనున్న పిండి కూడా కడుక్కుపోయి ముక్కలు ఒకదానికొకటి అంటుకోవు. తర్వాత పొడి బట్ట మీద పరిచి, పైన ఇంకో బట్టతో అద్ది, ఫ్యాను కింద చెమ్మ పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి. తడి ముక్క నూనెలో పడితే చిందుతుంది. పిల్లలు వంటింట్లో తిరిగే ఇళ్ళలో ఈ మెట్టు అసలు వదలకండి.

అసలు కిటుకు వేయించడంలో ఉంది. అది అర్థం కావాలంటే చిన్న లెక్క చూడాలి, మనం లెక్కలవాళ్ళమే కదా. నూరు గ్రాముల సీమపనసలో దాదాపు 70 గ్రాములు నీరు, 27 గ్రాములు పిండిపదార్థం. అంటే కిలో ముక్కల్లో 700 గ్రాములు నీళ్ళే. కరకరలాడే చిప్‌లో నీరు దాదాపు మిగలకూడదు. ఆ 700 గ్రాములూ ఆవిరై పోవాలన్నమాట. కొంత నూనె పీల్చుకున్నాక కూడా కిలో ముక్కలకు చేతికి వచ్చేవి 400 గ్రాములు, అటూ ఇటూగా. ఆ నీరు బయటికి పోవడానికి సమయం కావాలి. నేను మొదటిసారి చేసిన తప్పు అదే. నూనె మరీ కాగి ఉండడంతో పైపొర గట్టిపడి ఎర్రబడింది, లోపలి నీరు లోపలే ఉండిపోయింది. డబ్బాలోకి వెళ్ళాక ఆ నీరు మెల్లగా పైపొరకు వచ్చి మొత్తం చిప్‌ను మెత్తబరిచింది.

నూనె 160 నుంచి 170 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు అందరిళ్ళల్లో ఉండదు. ఒక ముక్క వేస్తే అడుక్కి వెళ్ళి, రెండు మూడు క్షణాల్లో బుడగలతో పైకి తేలాలి. వెయ్యగానే పైన తేలిపోయి రంగు మారితే నూనె ఎక్కువ కాగినట్టు. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు, అప్పుడు వేస్తే ముక్క నూనె తాగేస్తుంది. మూకుడు లోతుగా ఉండాలి, నూనె సగానికి మించకూడదు. ఒక్కసారి గుప్పెడు ముక్కలే వెయ్యాలి. త్వరగా అయిపోతుందని మూకుడు నిండా వేస్తే నూనె చల్లబడిపోతుంది, చివరికి రెండింతల సమయం పడుతుంది.

ముక్కలు వేశాక మా ఓనరమ్మగారు స్టవ్ వైపు చూసేవారు కాదు. కొబ్బరి తురుముకుంటూనో, నాతో మాట్లాడుతూనో ఉండేవారు. నేను గరిటె పట్టుకుని కంగారుగా రంగు చూస్తుంటే "శబ్ద కేళి సార్" అనేవారు. శబ్దం వినండి అని. మొదట పెద్ద వాన పడ్డట్టు మోత. ముక్కల్లోని నీరు ఆవిరై బుడగలుగా వస్తోందన్నమాట. నాలుగైదు నిమిషాలకు మోత జల్లుగా తగ్గుతుంది. తర్వాత చిటపటలు. ఆ తర్వాత దాదాపు నిశ్శబ్దం, గరిటెతో కలిపితే ముక్కలు గాజు పెంకుల్లా గలగలమంటాయి. అప్పుడు దించాలి. పావు నిమిషం కూడా ఆలస్యం పనికిరాదు.

ఎందుకని తర్వాత ఆలోచిస్తే తెలిసింది. నీరున్నంతసేపూ ముక్క వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది, నీరు మరిగే వేడి అంతే కదా. నీరు అయిపోగానే ముక్క ఒక్కసారిగా నూనె వేడికి చేరిపోతుంది, గబగబా ఎర్రబడుతుంది. మోత ఆగడమంటే నీరు అయిపోయిందని కబురు. పిండి ఉన్న పదార్థాలు ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేగితే అక్రిలమైడ్ అనే మంచిది కాని పదార్థం ఎక్కువ తయారవుతుంది. అందుకని లేత బంగారు రంగు దాటనివ్వకండి. దించాక కూడా ఆ వేడికే రంగు ఇంకాస్త పెరుగుతుంది.

ఉప్పు దగ్గర రెండు పద్ధతులున్నాయి. ఆ తీరంలో అరటికాయ, పనస చిప్స్‌కు కూడా చేసేది ఇది: చిక్కటి ఉప్పునీళ్ళలో చిటికెడు పసుపు కలిపి ఉంచుకుని, ముక్కలు ఇంకో నిమిషంలో దించుతామనగా ఒక్క చెంచా నూనెలో పోస్తారు. నూనె భగ్గున పొంగుతుంది, ఉప్పు ప్రతి ముక్కకూ సమానంగా పడుతుంది, మోత మళ్ళీ ఆగాక తీస్తారు. రుచి దీనిదే. కానీ చెంచాకు మించి పోస్తే నూనె పొంగి స్టవ్ మీదికి వచ్చే ప్రమాదముంది. చెయ్యి తిరగనివాళ్ళు, చిన్నపిల్లలున్నవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు. దించిన వెంటనే, వేడి మీద మెత్తటి ఉప్పు చల్లి కుదపండి చాలు. వేయించడానికి ముందు మాత్రం ఉప్పు కలపకండి. ఉప్పు తడిని లాగి ముక్కను చెమ్మగా చేస్తుంది. నా మొదటి డబ్బా తప్పుల్లో అదొకటి.

దించేటప్పుడు ఇంకో సంగతి. వేగుతున్నప్పుడు ఆవిరి బయటికి తోసుకొస్తుంటుంది కనుక నూనె లోపలికి ఎక్కువగా పోలేదు. నూనెలోంచి తీసి చల్లారేటప్పుడే, లోపలి ఆవిరి తగ్గి ఖాళీ ఏర్పడి, పైనున్న నూనెను లోపలికి లాక్కుంటుంది. అందుకే చిల్లుల గరిటెతో తీసి, మూకుడు మీదే రెండు మూడుసార్లు గట్టిగా విదిలించి, తర్వాత కాగితం మీద పల్చగా పరచాలి. కుప్పగా పోస్తే కింది వాటికి ఆవిరి పట్టి మెత్తబడతాయి.

పూర్తిగా చల్లారాకే డబ్బా. చేత్తో ముట్టుకుంటే వెచ్చదనం బొత్తిగా తెలియకూడదు. అలాగని వానాకాలంలో గంటలకొద్దీ బయట వదిలేసినా గాలిలో చెమ్మ పట్టేస్తుంది. ఉడిపిలో జూలై అంటే ఉతికిన చొక్కా మూడు రోజులకు ఆరే కాలం. అరగంటకు అటూ ఇటూ చూసుకుని డబ్బాకెత్తాలి. ఒకే పెద్ద డబ్బా కన్నా నాలుగు చిన్న డబ్బాలు మేలు. తెరిచిన ప్రతిసారీ చెమ్మ గాలి లోపలికి వెళ్తుంది. రెండు మూడు వారాలు బాగుంటాయి. కాస్త మెత్తబడితే ఖాళీ మూకుట్లో సన్నని సెగ మీద నాలుగు నిమిషాలు వేడి చేసి చల్లారనిస్తే మళ్ళీ కరకరలాడతాయి.

ఆ ఏడాది ఆగస్టు 12 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. 13 రెండో శనివారం, 14 ఆదివారం, 15 స్వాతంత్ర్య దినం. బ్యాంకులో ఉన్నవాడికి ఇలాంటి వరస ఎన్నేళ్ళకొకసారి వస్తుంది? ముందూ వెనకా సెలవు పెట్టి బయలుదేరాను. ముందురోజు రాత్రి పదకొండు దాకా ఓనరమ్మగారి సాయం లేకుండా నా గదిలో నేనొక్కణ్ణే వేయించాను. మా అమ్మ మాట గుర్తుండి, ఈసారి సగం వేరుశనగ నూనెతో, సగం కొబ్బరినూనెతో. రైల్లో డబ్బాను సూట్‌కేసులో పెట్టబుద్ధి కాక ఒళ్ళో పెట్టుకున్నాను. మద్రాసు స్టేషన్లో చెకింగ్ కానిస్టేబుల్ ఏముందని అడిగి, తెరిపించి, ఒకటి నోట్లో వేసుకుని, ఏమీ అనకుండా ఇంకోటి తీసుకున్నాడు. అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

ఇంట్లో మా అమ్మాయి ఒకటి తీసుకుని మళ్ళీ వంచి చూసింది. టప్పున విరిగి సగం కింద పడింది. అది ఏమీ అనలేదు, పడిన ముక్క కూడా ఏరుకుని తిన్నది. ఆ రాత్రి ఫోను అక్కర్లేకుండా ఎదురుగా కూర్చుని, "నిజంగా రోజూ వండుకుంటున్నావా?" అని అడిగింది. అప్పటిదాకా చెప్పిన అబద్ధాలన్నీ ఒప్పుకున్నాను. ఉడిపి వెళ్ళాక రోజూ కాకపోయినా వారంలో ఐదు రోజులు కుక్కరు పెట్టడం మొదలుపెట్టాను.

మా ఆవిడ ఆ చిప్స్‌కు తన వంతు చేర్చింది. వేడి మీద కారం, వేయించిన జీలకర్ర పొడి, నూనెలో వేయించి నలిపిన కరివేపాకు. ఓనరమ్మగారు ఇంగువ నీళ్ళే చాలంటారు. నా ఓటు మా ఆవిడకే, ఇంట్లో ఉండాలి కాబట్టి కాదు. కొబ్బరినూనెవా, వేరుశనగవా అంటే మాత్రం నేను ఉడిపి పక్షం. మా అమ్మ వేరుశనగ పక్షం. అమ్మకు షుగరు. ఇది పూర్తిగా పిండిపదార్థం, పైగా నూనెలో వేగింది, అందుకని రోజుకు ఐదు చిప్స్ అని లెక్క పెట్టి ఇచ్చేవాళ్ళం. ఆవిడ లెక్క ఏడుకు తక్కువ ఉండేది కాదు.

2019లో మళ్ళీ ట్రాన్స్‌ఫర్ వచ్చి మన వైపు వచ్చేశాను. బయలుదేరే రోజు ఓనరమ్మగారు ఒక పిలకను మట్టితో సహా గోనె గుడ్డలో కట్టి ఇచ్చారు. బౌంటీ ఓడ కథ తెలిసిన నేను రైల్లో ఆ మొక్కకు నా మంచినీళ్ళ సీసాలోంచే పోశాను. రాజమండ్రిలో పెరటి గోడ పక్కన పెట్టాం. మొదటి రెండేళ్ళు బతుకుతుందో లేదో అన్నట్టుంది. ఐదో ఏట కాపు మొదలైంది, పన్నెండు కాయలు. కాయలు దొరకని ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇదే పద్ధతిలో అరటికాయో, కందో వేయించుకోవచ్చు. కందకు మాత్రం కోసే ముందు చేతులకు నూనె ఇంకాస్త ఎక్కువ రాసుకోండి, దురద తగ్గుతుంది.

ఇప్పుడు మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వానాకాలంలో ఇంటినుంచి నాలుగు చిన్న డబ్బాలు వెళ్తాయి. కిందటి వారం ఫోన్ చేసి, రూమ్మేట్లు రెండు డబ్బాలు ఒక్కరోజులో అవగొట్టారని, ఈసారి కరివేపాకు ఎక్కువ వెయ్యమని చెప్పింది. "అది సరే, ఇవాళ మెస్‌లో ఏం తిన్నావు?" అని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి సాంబారంది.